జల్లెడ నేత

మొండివాడు రాజుకన్నా బలవంతుడని సామెత. దాన్ని పుట్టించినవాడు కొత్తవాడ మగ్గాల షెడ్డులో ఒక పూట కూర్చుని మొండయ్యను చూసి ఉంటాడని భద్రమ్మ గట్టి నమ్మకం. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆమెకు మనిషి అర్థమయ్యాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన బేరగాడొకడు జంపఖానా విప్పి చూసి, అంచు ఒకచోట వేలెడు వంకర పోయిందేమోనని అన్నాడు. అనడం పాపం, మొండయ్య దాన్ని నేల మీద పరిచి, దారం పట్టి కొలిచి, నిజంగానే వంకర ఉందని తేల్చుకున్నాడు. పర్వాలేదు తీసుకుపోతానని బేరగాడు ఎంత బతిమాలినా వినలేదు. మూరెడు నేత విప్పి మళ్లీ నేసి ఇచ్చాడు. ఈలోగా బేరగాడి రైలు కాజీపేట దాటిపోయింది.

ఇలాంటి మనిషితో కాపురం కత్తి మీద సామే. అయినా ఇలాంటి మనిషి నేసిన జంపఖానా మీద కూర్చోవడం మాత్రం గొప్ప సుఖం. మొండయ్య నేత అంత గట్టిది. జంపఖానా నేసేవాళ్లకు పంజా అని ఒక పనిముట్టు ఉంటుంది. ఇనుప వేళ్లున్న చెయ్యిలాంటిది. పడుగు దారాల మధ్య పేక పోగు వేశాక పంజాతో కొట్టి కిందికి దించాలి. ఎంత గట్టిగా కొడితే నేత అంత బిగువు. మొండయ్య చేతి దెబ్బను షెడ్డు బయటి నుంచి చప్పుడు విని గుర్తుపట్టేవాళ్లు. నేత పూర్తయ్యాక నలుగురు నాలుగు మూలలు పట్టుకుంటే మధ్యలో చెంబెడు నీళ్లు పోసేవాడు. తాను తమలపాకు నమిలేంతసేపు కింద చుక్క రాలకూడదు. రాలితే ఆ రోజు ఇంట్లో అన్నం సహించేది కాదు.

ఆ పట్టుదల వెనక ఒక అవమానం ఉంది. మొండయ్య మొట్టమొదట నేసిన జంపఖానాను షెడ్డు పెద్ద కృష్ణమోహన్ వెలుతురుకు ఎత్తి చూశాడు. సందుల్లోంచి ఎండ కనిపించింది. ‘జల్లెడ నేత’ అన్నాడు. మగ్గాల వాళ్లకు అంతకుమించిన తిట్టు లేదు. అని ఊరుకోకుండా దాన్ని షెడ్డు గుమ్మానికి వేలాడదీయించాడు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ దాన్ని తలతో తోసుకుంటూ లోపలికి వచ్చారు. ఆ తర్వాత మొండయ్య చేతిలోంచి జల్లెడ నేత రాలేదు. కొన్నేళ్లకు అదే కృష్ణమోహన్ అతను నేసిన అంచును వేళ్లతో తడిమి, ఇక నీ పోగు నువ్వు పెట్టుకోరా అన్నాడు. బాగా నేసేవాళ్లు తమ పనికి గుర్తుగా అంచులో ఒక రంగు పోగు వేసుకోవడం ఆ షెడ్డులో ఆనవాయితీ. మొండయ్య ఎరుపు ఎంచుకున్నాడు. చదువు రాని మనిషికి అదే సంతకం.

తర్వాత ఆర్డర్లు తగ్గాయి. పెళ్లిళ్లకు ప్లాస్టిక్ పట్టాలు, కుర్చీలు వచ్చాయి. షెడ్డు మూతపడింది. మొండయ్య హసన్‌పర్తి దారిలో గోపయ్యకుంట పక్కన కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్‌గా చేరాడు. సెల్లార్‌లో ఒక గది ఇచ్చారు. అందులో మంచం పడితే మగ్గం పట్టదు, మగ్గం పడితే మంచం పట్టదు. మగ్గం కర్రలు విప్పి గోడకు ఆనించారు. పంజా ఒక్కటీ తలుపు పక్కన మేకుకు వేలాడింది.

ఎవరో కారు హారన్ కొడితే లేచి గేటు తీయడం, మళ్లీ వేయడం. ఇక తన చేతులకు రాసిపెట్టి ఉన్న పని ఇంతేనని మొండయ్య మనసులో తీర్మానించుకున్నాడు. పైకి ఎవరితోనూ అనలేదు. కుర్చీలో కూర్చున్నప్పుడు మోకాలి మీద వేళ్లు మాత్రం పోగు వేస్తున్నట్టు వాటంతటవే కదిలేవి. భద్రమ్మ అది చూసి మొహం తిప్పుకునేది. ఇంకా పని అడుగుతున్న చేతుల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం కంటే కష్టం ఏముంటుంది?

గోపయ్యకుంట సంగతి ఇంకా అన్యాయం. పేరుకే కుంట, కంటికి నీటి చుక్క కనిపించదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా గుర్రపుడెక్క పరుచుకుని పచ్చటి మైదానంలా ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లు పిల్లల్ని ఆడుకోవడానికి అటు పంపబోయిన రోజులూ ఉన్నాయి. కింద కాలనీల మురుగు. గాలి ఇటు తిరిగితే అపార్ట్‌మెంట్లో కిటికీలన్నీ ఒకేసారి మూసుకునేవి.

ఆ కుంట మీద మనసు పడిన మనిషి సుకన్య. కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ప్రతి ఆదివారం పొద్దున్నే విద్యార్థుల్నీ, ఉద్యోగస్తుల్నీ, రిటైరైన వాళ్లనీ వెంటేసుకుని వచ్చి గుర్రపుడెక్క పీకించేది. వాళ్లకు చేతులు కడుక్కోవడానికి నీళ్లిచ్చే పని మొండయ్యది. ఇస్తూ లోలోపల నవ్వుకునేవాడు. వీళ్లు పీకిన చోట పదిహేను రోజులు తిరగకుండానే మళ్లీ అంతా కమ్ముకొచ్చేది. ఒకసారి ఉండబట్టలేక, ఎందుకు మేడమ్ ఈ పరేషాన్ అని అడిగేశాడు.

సుకన్య కోప్పడలేదు. గట్టు మీద కూర్చుని బురద కాళ్లు కడుక్కుంటూ చెప్పింది.

“ఖాళీ ఇస్తరాకు పెడితె ఈగలే వస్తయ్ కాకా. మనోళ్లను కూసోబెట్టాలె. తుంగ, జమ్ము, వట్టివేరు... ఒకప్పుడు ఈ కుంటల ఉన్నయే. అవి మురికిని తాగి బతుకుతయ్. అవి నిలబడితె ఈ గుర్రపుడెక్కకు జాగ దొరకది.”

చిక్కల్లా నిలబెట్టడంలోనే ఉంది. గట్టు చుట్టూ రాయి కట్టేయడంతో ఒడ్డున వేరు దిగే చోటు లేదు, లోపలేమో లోతు. నీటి మీద తేలే తెప్పలు కట్టి, వాటిలో మొక్కలు నాటి, వేళ్లు కిందికి నీటిలోకి దిగేలా చేయాలన్నది సుకన్య ఆలోచన. మొదట థర్మోకోల్ షీట్లకు రంధ్రాలు పెట్టి వదిలారు. ఈదురుగాలి వానకు అవి ముక్కలు ముక్కలై ఒడ్డంతా తెల్లటి పొట్టు పరుచుకుంది. కుంటను బాగు చేస్తామని వచ్చి చెత్త పోశామని సుకన్యకు ఏడుపొక్కటే తక్కువ. ఆ పొట్టు ఏరడానికి మొండయ్య కూడా దిగాడు. ఏరుతూ ఏరుతూ నడుం నిలబెట్టి, కొబ్బరి తాడుతో అయితే ఎలా ఉంటుందని అడిగాడు. వెదురు బొంగులతో చట్రం కట్టి మధ్యలో తాడు నేస్తే తేలుతుందిగా అన్నాడు. ఎవరు నేస్తారని ఆమె అడిగింది.

“నేను నేస్త,” అన్నాడు మొండయ్య. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

సెల్లార్‌లో ఎవరి కారూ ఆగని మూల ఒకటుంది. అపార్ట్‌మెంట్ వాళ్లను అడిగి అక్కడ మగ్గం నిలబెట్టాడు. పంజా మేకు మీది నుంచి దిగింది. భద్రమ్మ ఇదివరకు నూలు చుట్టినట్టే ఇప్పుడు తాడు ఉండలు చుట్టింది. రెండు కార్ల మధ్య మగ్గం చప్పుడు లేస్తుంటే, లిఫ్టు దిగినవాళ్లు ఆగి చూసి మరీ ఆఫీసులకు పోయేవాళ్లు. ఇంత బిగువు అవసరమా, సందులు ఉండాలేమో కదా అని సుకన్య ఒకసారి అనబోయింది. మొండయ్య అడ్డం పడి, ఫికర్ చెయ్యకు మేడమ్, నా నేత నమ్ము అన్నాడు. ఆ మొహంలో వెలుగు చూశాక ఆమెకు మళ్లీ అడగబుద్ధి కాలేదు.

తెప్పలు తయారయ్యాయి. మొండయ్య అలవాటు మానలేదు. నలుగురి చేత పట్టించి చెంబెడు నీళ్లు పోశాడు. చుక్క రాలలేదు. కొబ్బరి తాడుతో కూడా ఇంత బిగువు సాధించానని పొంగిపోయి అంచుకు ఎర్ర పోగు వేశాడు. స్టేషన్ ఘన్‌పూర్ వైపు చెరువుల నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చిన జమ్ము దుంపలు, తుంగ మొదళ్లు మట్టితో సహా వాటి మీద నాటి, ఖాళీ నీళ్ల క్యాన్లు కింద కట్టి, కుంటలోకి తోశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోల్లో మొండయ్యను మధ్యలో నిలబెట్టారు. ఆ రోజు అతను గేటు తీస్తుంటే కూడా మగ్గం ముందు కూర్చున్నట్టే ఉన్నాడు.

నెల తిరగకముందే మొక్కలు పసుపెక్కాయి. ఆ తర్వాత వాలిపోయాయి. ఆదివారం తెప్పను ఒడ్డుకు లాగి సుకన్య ఒక జమ్ము మొదలు పెళ్లగించింది. వేళ్లు కిందికి దారి దొరక్క చుట్టలు చుట్టుకుని, నిలవ నీటిలో కుళ్లి, కంపు కొడుతున్నాయి. తెప్పను తిరగేశారు. అడుగు భాగం మగ్గం మీది నుంచి దిగిన నాటిలాగే శుభ్రంగా ఉంది. ఒక్క వేరూ దాటలేదు. క్షణకాలం మొండయ్యకు గర్వమే వేసింది, ఎంత గట్టి నేత అని. మరుక్షణం సంగతి బోధపడింది. చెంబెడు నీళ్లు ఆపిన నేత మొక్కల ఊపిరి కూడా ఆపింది.

సుకన్య, నేనప్పుడే గట్టిగా చెప్పాల్సింది కాకా అని తప్పు తన మీద వేసుకుంది. అపార్ట్‌మెంట్ వాళ్లు మాత్రం ఊరుకోలేదు. మొండయ్య జంపఖానా పరిచాడు, మొక్కలు హాయిగా పడుకున్నాయి అని ఎవరో అన్నారు. ఆ మాట లిఫ్టులో పైకీ కిందికీ తిరిగింది. మొండయ్యకు తల కొట్టేసినట్టయింది.

పట్టిన పని వదిలితే అతను మొండయ్య ఎలా అవుతాడు? మళ్లీ మగ్గం ఎక్కాడు. ఈసారి వేళ్లు దూరేంత సందులతో పలుచగా నేయాలని గట్టిగా అనుకున్నాడు. రెండు వరసలు బాగానే వచ్చాయి. మూడో వరసకు పంజా దానంతటది లేచి దబ్బున దిగింది. చూసేసరికి నేత బిగిసిపోయింది. విప్పాడు. మళ్లీ నేశాడు. మళ్లీ బిగిసింది. మనసు వద్దంటున్నా ఒక వయసంతా కొట్టి కొట్టి నేర్చిన చెయ్యి మాట వినలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. మగ్గంతో వచ్చిన బుద్ధి కూడా అంతే కాబోలు.

చివరికి సుకన్యకు ఫోన్ చేసి ఇంకెవరినైనా చూసుకోమన్నాడు. ఎందుకని ఆమె అడిగింది.

“జల్లెడ నేత నేసుడు నాతోని కాదు బిడ్డా. సచ్చినా కాదు,” అని ఫోన్ పెట్టేశాడు.

అన్నం వారుస్తున్న భద్రమ్మ ఆ మాట విన్నది. మొగుడు ఓడిపోవడం ఆమె అంతకుముందు చూడక కాదు, షెడ్డు మూతపడినప్పుడు చూసింది. అప్పుడు ఓడించింది లోకం. ఇప్పుడు ఓడిస్తున్నది అతని సొంత చెయ్యి. అది ఆమె చూడలేకపోయింది.

తెల్లారి చూస్తే మేకు ఖాళీగా ఉంది. మంచం కింద వెతికాడు, మగ్గం వెనక వెతికాడు, కార్ల కింద కూడా వంగి చూశాడు. పంజా లేదు. భద్రమ్మ తాపీగా పప్పు ఏరుకుంటోంది. ఆ తాపీతనం చూసి అతనికి దొంగ ఎవరో తెలిసింది.

“యాడ వెట్టినవే?”

“దొరుకుతది తియ్. పని అయినంక.”

“పంజా లేకుంట పని ఎట్లయితది?”

“చేతులున్నయ్ గద,” అంది భద్రమ్మ, తల ఎత్తకుండా. “మా అవ్వ నులక మంచం అల్లేది. ఏ పంజా వట్టింది? దాని సందులల్లకెల్లి చల్లగ గాలి వస్తుండె. నువ్వు నేసిన జంపఖానా మీద పండుకుంటె ఎన్నడన్న గాలి వచ్చిందా?”

ఇంత మాట అంటుందా అని మొండయ్య అలిగాడు. మధ్యాహ్నం దాకా గేటు దగ్గరే కూర్చున్నాడు. సాయంత్రానికి మగ్గం ముందు చేరాడు. ఉత్త వేళ్లతో తాడు వేసి, ఉత్త వేళ్లతో కిందికి దించాడు. కొబ్బరి పీచుకు వేళ్లు చీరుకుపోయాయి. పసుపు రాసి గుడ్డపేలిక చుట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. పంజా లేకపోయినా పిడికిలి ఉందిగా, కోపమొచ్చినప్పుడు అది పైకి లేచేది. అప్పుడల్లా పక్కనే తాడు చుడుతున్న భద్రమ్మ దగ్గేది. పిడికిలి మెల్లగా వేళ్లుగా విచ్చుకునేది. ఆ రోజుల్లో భద్రమ్మకు దగ్గు ఎక్కువైందని, దవాఖానాకు పోరాదా అని అపార్ట్‌మెంట్ వాళ్లు సలహా కూడా ఇచ్చారు.

అలా దగ్గుల మధ్య తెప్పలు పుట్టాయి. నీళ్లు పోస్తే ధారగా కిందికి పోయేవి. మొండయ్య వాటివైపు సరిగా చూసేవాడు కాదు. అంచుకు పోగు కూడా వేయలేదు. ఎర్ర నూలు కండె పెట్టెలో ఉంది, ఉందని ఇద్దరికీ తెలుసు. ఒకరోజు పెట్టె తెరిచి చూస్తే అదీ లేదు. అడగలేదు. దానితో పనేముంది ఇక, అనుకున్నాడు.

వానలు పడ్డాయి. ఆదివారం గుంపు కొత్త తెప్పలను నీటిలోకి దించి, రాళ్లకు తాళ్లతో కట్టింది. వెదురు బొంగుల వరస ఒకటి అడ్డం వేసి గుర్రపుడెక్కను అవతలికి నెట్టి ఉంచింది. ఒడ్డున రాళ్ల సందుల్లో మట్టి నింపి తుంగ, వావిలి నాటారు. పీకడానికి వచ్చిన రోజులకంటే నాటడానికి వచ్చిన రోజుల్లోనే జనం పెరిగారు. జంపఖానా మాట పుట్టించిన పెద్దమనిషి కూడా ప్యాంటు మడిచి దిగాడు. జమ్ము మొదట్లో బెంగగా తల వంచుకుని, ఆ తర్వాత ఒక్కసారిగా లేచింది. తెప్పల మధ్య నీళ్లు కనిపించాయి. ఆ నీటిలో ఆకాశం కనిపించింది. కొత్తగా వచ్చినవాళ్లకు ఇక్కడ కుంట ఉందని వేరే చెప్పే పని లేకపోయింది.

ఇంత జరిగినా మొండయ్య గట్టు దిగేవాడు కాదు. ఎవరైనా మెచ్చుకుంటే, అది మొక్కల గొప్పతనం, నాదేముంది అనేవాడు. అణకువ కాదది, సిగ్గు. తెలిసినవాళ్లు ఎవరైనా వచ్చి ఆ నేత చూస్తే ఏమంటారోనని లోపల బెరుకు.

బతుకమ్మ పండుగ ముందటి ఆదివారం అదే జరిగింది. ఆటో ఆగి, చేతికర్ర ముందు దిగి, ఆ వెనక కృష్ణమోహన్ దిగాడు. మనిషి వంగిపోయాడు గాని చూపు అదే. కొత్తవాడ దాకా కబురు పోయింది, మొండయ్య మళ్లీ నేస్తున్నాడని. చూసి పోదామని వచ్చాడు. ఒడ్డున అప్పుడే నేసి తెచ్చిన కొత్త తెప్ప ఉంది. కృష్ణమోహన్ కర్ర పక్కన పెట్టి, మెల్లగా కూర్చుని, నేతను వేళ్లతో తడిమాడు. అంచు పొడుగునా చెయ్యి పోనిచ్చి ఆగాడు.

“ఏరా మొండిగా, ఎర్ర పోగేది? ఇది నువ్వు నేసింది గాదా?”

బురదలో ఉన్నవాళ్లంతా ఇటు చూశారు. మొండయ్యకు మళ్లీ ఆ షెడ్డు గుమ్మం కళ్ల ముందు కదిలింది.

“నేనే నేసిన అన్నా,” అన్నాడు. “పేరు పెట్టుకునే నేత గాదు. జల్లెడ నేత.”

కృష్ణమోహన్ నీటి వైపు తిరిగాడు. తేలుతున్న తెప్పల్లో ఒకదాన్ని ఇటు లాగమన్నాడు. సుకన్య, మరో ఇద్దరు తాడు పట్టి గుంజారు. తెప్ప ఒడ్డుకు చేరుతుండగా జమ్ములోంచి నీటికోడి ఒకటి క్రుక్ మంటూ దూకి పారిపోయింది. ఆకులు తొలగించి చూస్తే గూడు. గూట్లో మచ్చల గుడ్లు. గూడు కట్టిన పీచు ఎక్కడిదో మొండయ్యకు చూడగానే తెలిసింది. తెప్ప అంచున అతను వేసిన తాడును పిట్ట ముక్కుతో పీకి, విడదీసి, తీసుకుపోయి పరుచుకుంది. ఆ మేర అంచు విచ్చుకుపోయి ఉంది. అతని చెయ్యి అలవాటుగా ముడి వేయడానికి ముందుకు పోయింది. గుడ్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. పోనీలే, దానికి పనికొచ్చింది అనుకున్నాడు.

కృష్ణమోహన్ తెప్ప కొస పైకి లేపమన్నాడు. గూడు కదలకుండా మెల్లగా ఒక పక్క లేపారు. కింద తెల్లటి వేళ్లు గుబురుగా వేలాడుతున్నాయి. మొండయ్య వదిలిన ప్రతి సందులోంచీ ఒక కుచ్చు దిగింది. దిగి, పక్క కుచ్చుతో పెనవేసుకుని, అటు ఇటు అల్లుకుపోయింది. తాడు ఎక్కడ ఆగిందో వేరు ఎక్కడ మొదలైందో విడదీసి చూపడం ఎవరి తరమూ కాదు. పంజాతో కొట్టినా అంత బిగువు రాదు. ముసలాయన వాటి మధ్య వేలు దూర్చబోయాడు. దూరలేదు.

“సగమే నువ్వు నేసినవ్‌రా,” అన్నాడు. “కడమ సగం ఇవి నేసినయ్. నువ్వు సందు ఇయ్యకుంటె యాడ నేస్తయ్? దీనికి పేరు పెట్టకుంట ఇంక దేనికి పెడతవ్?”

మొండయ్య వంగి ఆ వేళ్లను చేత్తో తడిమాడు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తితే చేతినిండా బురద. అదే చెయ్యి, ఏమీ అడగకుండా, వెనక నిలబడ్డ భద్రమ్మ వైపు చాపాడు.

భద్రమ్మ కొంగు ముడి విప్పింది. అందులో ఎర్ర నూలు కండె ఉంది. ముడిలో ఉండి ఉండి, చెమటకు తడిసి, రంగు కొంగుకు కూడా అంటింది.

“ఎప్పటిసంది కట్టుకోని తిరుగుతానవే?”

“మొదటి జల్లెడ తెప్ప నాటిసంది,” అంది ఆమె.

మొండయ్య కొత్త తెప్ప ముందు గొంతుక్కూర్చున్నాడు. అంచు తాడు మధ్యలోంచి ఎర్ర పోగు పోనిచ్చాడు. ఆ కొస నుంచి ఈ కొస దాకా తెచ్చి, చూసుకుని, దాన్ని గట్టిగా దించడానికి అలవాటు చొప్పున పిడికిలి పైకెత్తాడు.

భద్రమ్మ దగ్గింది.